మెట్రోకి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మెట్రో రైళ్లకీ ఎలక్ట్రిక్ బస్సులకీ డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కరెంటు ఇచ్చే తీరు గురించి, దానిపై విద్యుత్ నియంత్రణ మండలి అజమాయిషీ గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా వీధిలో గంటసేపు కరెంటు పోయింది. మెట్రో మాత్రం ఆగలేదు. దానికి పెద్ద జనరేటరేదైనా ఉందా? (ఉప్పల్, హైదరాబాద్)

జనరేటరుతో రైలు నడవదు. మీ ఇంటికి కరెంటు 11 కేవీ (11 వేల వోల్టుల) ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ వైపు వచ్చే లైను, చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి వస్తుంది. కొమ్మ విరిగి తీగ మీద పడ్డా, ఫ్యూజు ఎగిరినా ఆ ఫీడరు వరకే చీకటి. హైదరాబాద్ మెట్రో 132 కేవీ దగ్గరే కరెంటు తీసుకుంటుంది. ఉప్పల్, మియాపూర్, ఎంజీబీఎస్, యూసుఫ్‌గూడల్లో దానికి రిసీవింగ్ సబ్‌స్టేషన్లున్నాయి. అక్కడి నుంచి కరెంటు రెండుగా చీలుతుంది. ఒకటి 25 కేవీ సింగిల్ ఫేజ్‌గా పట్టాల మీది తీగకు వెళ్తుంది. రెండోది 33 కేవీ త్రీ ఫేజ్‌గా కేబుళ్ల ద్వారా స్టేషన్లకు వెళ్లి, అక్కడ 415 వోల్టులకు దిగి లిఫ్టులు, ఎస్కలేటర్లు, సిగ్నళ్లు, దీపాలు నడిపిస్తుంది. స్టేషన్లలో కనిపించే డీజిల్ సెట్లు అత్యవసర దీపాలు, పంపులు, లిఫ్టుల కోసమే. రైల్లోని బ్యాటరీలు కూడా రైలును కదిలించవు. ఆగిపోయిన పెట్టెలో దీపాలు, గాలి, అనౌన్స్‌మెంట్లు కొంతసేపు నడుస్తాయి. మన మెట్రోలు డిజైన్‌లో మామూలుగా ఒక గంటకు చూసుకుంటాయి.

బాధ్యతలు కూడా పంచి ఉన్నాయి. 132 కేవీ లైన్లు రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థ టీజీట్రాన్స్‌కోవి. బిల్లు వేసేది దక్షిణ డిస్కం. రేటు, షరతులు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, పేపర్లలో ఈఆర్‌సీ అని రాసేది. మీటరు తర్వాతదంతా మెట్రో సంస్థది. రైలు ఆగిందని విన్నప్పుడు ముందు తేల్చాల్సింది ఇదే, లోపం మీటరుకు ఇవతలా అవతలా అని. సగం వాదులాటలు ఇది తేల్చకుండానే మొదలవుతాయి.

ప్రశ్న: మెట్రో మూడు ఫేజుల గ్రిడ్ నుంచి ఒక్క ఫేజు జతనే వాడుకుంటుంది కదా. దీన్ని నియంత్రణ మండలి ఎలా ఒప్పుకుంటుంది? పక్క వినియోగదారులకు నష్టం లేదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

నష్టం ఉంటుంది. అందుకే హద్దు పెట్టారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, 2010లో తెచ్చిన గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 33 నుంచి 132 కేవీ వరకు వోల్టేజీ అసమతుల్యత (మూడు ఫేజుల మధ్య తేడా) 3 శాతం దాటకూడదు. 220 కేవీకి 2 శాతం, 400 కేవీకి 1.5 శాతం.

చేతి లెక్క ఇలా వేయండి. సింగిల్ ఫేజ్ లోడును ఎంవీఏల్లో (ఒక ఎంవీఏ అంటే 1,000 కేవీఏ, లోడు కొలత) తీసుకుని, ఆ చోట గ్రిడ్ షార్ట్ సర్క్యూట్ సామర్థ్యంతో, అంటే ఫాల్ట్ లెవెల్‌తో భాగించి 100తో గుణించండి. 20 ఎంవీఏ లోడు, 2,000 ఎంవీఏ ఫాల్ట్ లెవెల్ ఉంటే 1 శాతం, ఇబ్బంది లేదు. అదే లోడును 500 ఎంవీఏ ఉన్న బలహీనమైన బస్‌బార్‌కు (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ కలిసే కడ్డీకి) కలిపితే 4 శాతం, హద్దు దాటింది. 4 శాతమేగా అనుకోవద్దు. త్రీ ఫేజ్ మోటారు ఈ అసమతుల్యతకు దాదాపు స్టార్టింగ్‌లో ఉన్నట్టు స్పందిస్తుంది. స్టార్టింగ్ కరెంటు ఆరు రెట్లుండే మోటారులో 3 శాతం వోల్టేజీ అసమతుల్యత సుమారు 18 శాతం అసమతుల్య కరెంటును తెస్తుంది. రోటరు వేడెక్కుతుంది. అదే సబ్‌స్టేషన్ మీదున్న ఫ్యాక్టరీవాళ్లు ‘మోటార్లు ఊరికే ట్రిప్పవుతున్నాయి’ అని మొత్తుకునేది ఇందుకే.

పరిష్కారం పాతదే. ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో ఒక సబ్‌స్టేషన్‌కి ఆర్–వై, పక్కదానికి వై–బి, ఆ పక్కదానికి బి–ఆర్ జత ఇస్తారు. అప్పుడు మొత్తం మీద మూడు ఫేజులూ సర్దుకుంటాయి. అయితే రెండు వేర్వేరు జతలను పైతీగలో కలపకూడదు కాబట్టి మధ్యలో కరెంటు లేని కొద్ది మీటర్ల ముక్క పెడతారు. దాన్ని న్యూట్రల్ సెక్షన్ అంటారు. రైలు అక్కడికి రాగానే బ్రేకరు తెరుచుకుంటుంది, ఉన్న వేగంతోనే దాటుతుంది, మళ్లీ బ్రేకరు మూసుకుంటుంది. ఆ ముక్క కిందే రైలు ఆగిపోతే ఇంకో రైలుతో నెట్టించడమో, ప్రత్యేక స్విచ్చింగ్ చేయడమో తప్పదు. అందుకే న్యూట్రల్ సెక్షన్‌ను స్టేషన్ దగ్గర, ఎత్తు ఎక్కేచోట, సిగ్నలు ముందు పెట్టరు.

హార్మోనిక్స్‌కీ, అంటే 50 హెర్ట్జ్‌తో పాటు కలిసి వచ్చే అనవసర ఫ్రీక్వెన్సీలకీ, హద్దుంది. 2007లో వచ్చిన సీఈఏ కనెక్టివిటీ నిబంధనలు మొదట పెట్టిన హద్దుల ప్రకారం వోల్టేజీలో మొత్తం హార్మోనిక్ వక్రీకరణ 5 శాతం, ఏ ఒక్క హార్మోనిక్కూ 3 శాతం దాటకూడదు. కరెంటులో మొత్తం 8 శాతం. తర్వాత ఈ నిబంధనలను సవరించారు, కనుక తాజా పాఠం చూసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, లైను కొత్తగా ఛార్జ్ చేసినప్పుడు నాలుగు రైళ్లతో కొలిచి సర్టిఫికెట్ ఫైల్లో పెట్టేస్తారు. రైళ్ల సంఖ్య పెరిగాక మళ్లీ కొలవరు. పూర్తి సర్వీసులో కనీసం వారం పాటు, పది నిమిషాల సగటులతో రికార్డు చేయాలి. ఒక సబ్‌స్టేషన్ ఆపి పక్కదానితో నడిపే పరిస్థితిలోనూ ఒకసారి కొలవాలి. అసలు గడ్డు పరిస్థితి అదే.

ప్రశ్న: ఒక రిసీవింగ్ సబ్‌స్టేషన్‌కి గ్రిడ్ కరెంటు పోతే పక్కదాన్నుంచి రైళ్లు నడుపుతారని, అప్పుడు డిస్కం ఎక్కువ డిమాండ్ పేరుతో అపరాధ రుసుం వేస్తుందని విన్నాం. తప్పు వాళ్లదైతే జరిమానా వీళ్లకా? (సికింద్రాబాద్; ఇదే విషయం విశాఖపట్నం నుంచి మరొకరు)

ఆర్డర్‌లో ప్రత్యేకంగా రాసి ఉండకపోతే మీటరు అదే చేస్తుంది. మీటరుకు తప్పొప్పులు తెలియవు.

తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ (11 కేవీ, ఆపై వోల్టేజీ) బిల్లులో డిమాండ్ ఛార్జీ ఇలా పడుతుంది: ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి తీసుకున్న అత్యధిక లోడు), లేదా ఒప్పంద డిమాండ్‌లో (ముందే రాసుకున్న లోడులో) 80 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఒప్పందం దాటిన భాగానికి డిమాండ్ ఛార్జీ రెట్టింపు. లెక్క కోసం రెండు సబ్‌స్టేషన్లున్నాయనుకోండి, ఒక్కోదానికి ఒప్పందం 10,000 కేవీఏ, రద్దీ వేళ వాడకం 8,000. ‘అ’ సబ్‌స్టేషన్‌కి సాయంత్రం ఆరున్నరకి గ్రిడ్ సరఫరా పోయింది. మధ్యనున్న సెక్షనింగ్ పోస్టులో (రెండు వైపుల తీగలను కలిపే, విడదీసే చోట) బ్రేకరు మూసి మొత్తం లోడును ‘ఆ’ మీద వేశారు. దాని మీటరులో 16,000 నమోదైంది. 6,000 కేవీఏ మీద రెట్టింపు రేటు. ‘అ’కి మాత్రం ఆ నెల 8,000 బిల్లు మామూలుగానే వస్తుంది. నగరం మొత్తం మెట్రో వాడకం ఒక్క కేవీఏ కూడా పెరగలేదు. ఒక చోటిది ఇంకో చోటికి మారిందంతే. అందుకు ఒక్క డిమాండ్ బ్లాకు, అంటే మీటరు సగటు తీసే ఆ కొద్ది నిమిషాలే చాలు.

బయటపడే మార్గాలు మూడు. మొదటిది, రెండు చోట్లా ఒప్పందం 16,000కి పెంచుకోవడం. అప్పుడు వాడినా వాడకున్నా ఒక్కోదానికి నెలనెలా 12,800కి కట్టాలి. ఏడాదిలో ఎప్పుడో గంట కోసం ఇది తెలివితక్కువ పని. రెండోది, అన్ని సరఫరా బిందువుల డిమాండ్‌నూ ఒకే సమయ బ్లాకులో కూడి, ఆ మొత్తానికే బిల్లు వేయమని కోరడం. దీన్ని ఏకకాల గరిష్ఠ డిమాండ్ అంటారు. మా దృష్టిలో మెట్రోకి సరైన పద్ధతి ఇదే. డిస్కం దీన్ని ఆదాయం తగ్గుతుందని వ్యతిరేకిస్తుంది. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కో చోట విడిగా సిద్ధంగా ఉంచాలి కదా అనే వాళ్ల వాదనలోనూ కొంత బలముంది. మూడోది మధ్యేమార్గం. గ్రిడ్ వైపు లోపం వల్ల ఫీడ్ మార్చిన బ్లాకులను గరిష్ఠ డిమాండ్ లెక్కలోంచి తీసేయాలనే షరతును టారిఫ్ ఆర్డర్‌లో రాయించుకోవడం.

ఆ షరతు ఉన్నా రుజువు లేకపోతే ఉపయోగం లేదు. ఘటన జరిగిన వెంటనే కూడగట్టాల్సినవి: స్కాడా (కంట్రోల్ రూం కంప్యూటరు) లాగ్, గ్రిడ్ లైను వచ్చే చోటనున్న ఇన్‌కమర్ రిలే ఈవెంట్ రికార్డు, రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం ఇచ్చిన మెసేజ్ నంబరు, రెండు సబ్‌స్టేషన్ల మీటర్లలోని లోడ్ సర్వే (బ్లాకువారీ వాడకం). వీటితో ఆ వారంలోనే డిస్కం ఆపరేషన్ ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీరుకి) ఉత్తరం వెళ్లాలి. ఎక్కువ కేసులు చెడేది గడియారాల దగ్గర. రిలే టైము మీటరు టైముకు నాలుగు నిమిషాలు తేడా ఉంటే, ఏ బ్లాకు తీసేయాలో తేలదు. రెంటినీ జీపీఎస్ టైముకు కలిపి ఉంచాలి. మూడు నెలలకోసారి సరిచూసి ఇద్దరూ సంతకం చేసుకుంటే పేచీ ఉండదు.

ఎక్కడికి వెళ్లాలన్నదీ ముఖ్యమే. బిల్లు మీద తగువైతే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే 42(6) కింద విద్యుత్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి. విడి వినియోగదారుడి బిల్లు తగువులు నియంత్రణ మండలి తీర్చేవి కావని సుప్రీంకోర్టు 2007లో మహారాష్ట్ర కేసులో చెప్పింది. ఆర్డర్‌లో షరతే మార్చాలంటే మాత్రం మండలి దగ్గరికే. మండలి ఉత్తర్వు నచ్చకపోతే సెక్షన్ 111 కింద 45 రోజుల్లో అప్పీలేట్ ట్రైబ్యునల్‌కి. తప్పు గుమ్మం తొక్కి, వాయిదాలన్నీ అయ్యాక ‘ఇది మా పరిధి కాదు’ అనిపించుకోవడం మామూలుగా జరిగేదే.

పెనాల్టీ కన్నా ముందు అసలు అంతరాయమే రాకుండా చూసుకోవాలి. రెండు 132 కేవీ సర్క్యూట్లున్నాయని చెబితే సరిపోదు. అవి ఒకే టవరు మీద రెండు వైపులా వేలాడుతున్నాయా, వెనక ఒకే 220 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయా అడగండి. టవరు కూలితే రెండూ పోతాయి. సింగిల్ లైన్ డయాగ్రమ్‌ను (సర్క్యూట్లను ఒంటి గీతలతో చూపే పటాన్ని) 220 కేవీ బస్‌బార్ దాకా గీయించుకుని చూడాలి. కనెక్షన్ ఒప్పందానికి దాన్నే జతచేయాలి.

ప్రశ్న: రాత్రి రైళ్లు నడవవు. అయినా మెట్రో లాంటి చోట్ల రాత్రిపూట పవర్ ఫ్యాక్టర్ దారుణంగా పడిపోతుందట, ఎందుకు? (విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, కర్నూలు)

కేబుళ్ల వల్ల. పవర్ ఫ్యాక్టర్ అంటే తీసుకున్న మొత్తం కేవీఏలో నిజంగా పనిచేసే కిలోవాట్ల వంతు. 33 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ (ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబులు తనంతట తానే కెపాసిటరు. కిలోమీటరుకు 0.22 మైక్రోఫ్యారడ్ అనుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 75 కేవీఏఆర్ (పనిచేయని, అంటే రియాక్టివ్ పవర్ కొలత) ఛార్జింగ్ వస్తుంది. 30 కిలోమీటర్ల కారిడార్‌లో రెండు సర్క్యూట్లంటే 60 కిలోమీటర్లు, అంటే 4,500 కేవీఏఆర్ లీడింగ్. మోటార్లది దీనికి వ్యతిరేకం, దాన్ని లాగింగ్ అంటారు. పగలు మోటార్ల లాగింగ్ దీన్ని చాలావరకు తినేస్తుంది. రాత్రి రెండింటికి స్టేషన్ల లోడు 1,000 కిలోవాట్లే ఉంటే మొత్తం 4,600 కేవీఏ దాటుతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.22. తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ (పనిచేయని భాగాన్నీ కలిపే యూనిట్లు) మీదే కాబట్టి, లీడింగ్‌ను కూడా లెక్కించేలా మీటరు ఉంటే, వాడిన ప్రతి యూనిట్‌కీ నాలుగున్నర యూనిట్ల డబ్బు కడతారు.

ముందు మీటరు ప్రోగ్రాము ‘లాగ్ ఓన్లీ’నా ‘లాగ్ ప్లస్ లీడా’ అని రాతపూర్వకంగా అడగండి. ఆ ఏటి టారిఫ్ ఆర్డర్‌లో ఏముందో దానితో పోల్చండి. రెండోది అయితే 33 కేవీ బస్‌బార్ మీద షంట్ రియాక్టరు (లీడింగ్‌ను తినేసే కాయిల్) పెట్టాలి. స్థిరమైనది పెడితే పగలు లాగింగ్ పెరుగుతుంది. అందుకని రాత్రి మాత్రమే కలిసేలా బ్రేకరుతో పెట్టడమో, దశలుగా మారేది తీసుకోవడమో మేలు. డబ్బు లేదంటే రాత్రి ఒక కేబుల్ సర్క్యూట్ ఆపేయవచ్చు. అయితే అప్పుడు ఏదైనా ఫాల్టు వస్తే స్టేషన్లకు రెండో దారి ఉండదు. మెట్రోవాళ్లు దీనికి తొందరగా ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైంది.

ప్రశ్న: మా ఊరి డిపోకి వంద ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి. కరెంటు కనెక్షన్ ఎంత తీసుకోవాలి? (డిపో ఉద్యోగి)

ఛార్జర్ల మీద రాసిన కిలోవాట్లు కూడి దరఖాస్తు పెట్టకండి. 12 మీటర్ల ఏసీ బస్సు కిలోమీటరుకు 1.3 యూనిట్ల చొప్పున, రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 260 యూనిట్లు. వందకు 26,000. రాత్రి ఆరు గంటల్లో నింపాలంటే సగటున 4,330 కిలోవాట్లు. అదే 120 కిలోవాట్ల ఛార్జర్లు 50 పెట్టి అన్నీ ఒకేసారి నడిపితే 6,000.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఇతరులతో కలిసిన ఫీడరు మీద 1,500 కేవీఏ దాకా 11 కేవీ, 5,000 దాకా 33 కేవీ, ఆపైన 132 కేవీ కనెక్షన్ తీసుకోవాలి. డిపో కోసమే ప్రత్యేక ఫీడరు వేయించుకుంటే ఈ హద్దులు ఎక్కువగా ఉంటాయి. తాజా టారిఫ్ ఆర్డర్ చూసుకోండి. 5,000 లోపు ఉంటే 33 కేవీ గది చాలు. దాటితే 132 కేవీ సబ్‌స్టేషన్‌కి స్థలమే ఎకరాల లెక్కన వెతుక్కోవాలి. ఛార్జర్లను ఒక లోడ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరుకు కలిపి, మొత్తం 4,800 కేవీఏ దాటకుండా కట్టడి చేయండి. సాఫ్ట్‌వేరు ఆగిపోయినా ఛార్జర్లు తక్కువ కరెంటుకే పడిపోయేలా డిఫాల్ట్ సెట్ చేయించండి. ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోతే ఒక రాత్రి సర్వర్ పడిపోయి ఆ నెల డిమాండ్ ఛార్జీ మోపెడవుతుంది.

కొంత ఛార్జింగ్‌ను మధ్యాహ్నానికి జరపండి. 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సోలార్ వేళల రేటు మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. రైళ్లను పీక్ వేళల నుంచి జరపలేం కానీ, బస్సు బ్యాటరీని జరపవచ్చు.

ప్రశ్న: న్యూయార్క్ సబ్‌వేకి కరెంటు సరఫరా సరిగా లేదని అక్కడి నియంత్రణ సంస్థే రంగంలోకి దిగిందని చదివాం. అక్కడ ఏం చేశారు? (న్యూజెర్సీ)

2017 ఏప్రిల్ 21 ఉదయం రద్దీ వేళ మన్‌హాటన్‌లోని సెవెంత్ అవెన్యూ స్టేషన్ దగ్గర కరెంటు పోయి, సిగ్నళ్లు ఆరిపోయి, నగరమంతా రైళ్లు చిక్కుపడ్డాయి. అక్కడ కరెంటు అమ్మేది న్యూయార్క్ పవర్ అథారిటీ. దాన్ని వీధుల కింది కేబుళ్ల ద్వారా చేరవేసేది కాన్ ఎడిసన్. అమ్మినవాడు వేరు, మోసుకొచ్చేవాడు వేరు. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ అధికారం ఇక్కడ ప్రధానంగా మోసుకొచ్చేవాడి మీదే. అందుకే ఆ ఏడాది సబ్‌వేకి సంబంధించిన సరఫరా మెరుగుపరచమని అది కాన్ ఎడిసన్‌ని ఆదేశించింది.

మనం గమనించాల్సింది వేరే ఉంది. అక్కడ మూడో పట్టాలో 600 వోల్టుల పైచిలుకు డీసీ పారుతుంది. చుట్టూ సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రైలు మందగిస్తుందే తప్ప తరచుగా ఆగదు. సిగ్నళ్ల సరఫరా అలా కాదు. చిన్న లోడు, వీధి కింది మామూలు కేబులు. వోల్టేజీ ఒక్క క్షణం కుంగినా సిగ్నల్ రిలేలు (కరెంటుతో పట్టి ఉండే స్విచ్చులు) పట్టు వదిలేస్తాయి, సిగ్నలు ఎరుపుకు పోతుంది. సరఫరా నాణ్యతకు డిస్కంలు చూపించే సూచీలు కొన్ని నిమిషాలకు మించిన అంతరాయాలనే లెక్కిస్తాయి. పావు సెకను కుంగుబాటు ఏ సూచీలోనూ కనిపించదు. మన మండళ్లు కూడా మెట్రోలకు విడిగా వోల్టేజీ కుంగుబాట్ల రిజిస్టరు పెట్టించి మూడు నెలలకోసారి తెప్పించుకుంటే మంచిది.

ప్రశ్న: మెట్రో కరెంటు రేటు తగ్గిస్తే టికెట్ తగ్గుతుందా? ప్రయాణికులు ఈ విషయం ఎక్కడ చెప్పుకోవాలి? (మియాపూర్)

దానంతట అదే తగ్గదు. ఛార్జీలు నిర్ణయించే యంత్రాంగం వేరు, మండలికి టికెట్ మీద అధికారం లేదు. మెట్రోకి తక్కువ రేటు ఇవ్వవచ్చు. వాడకం ఉద్దేశాన్ని బట్టి తేడా చూపించే వీలును సెక్షన్ 62(3) ఇస్తోంది. తెలంగాణ టారిఫ్‌లో హైదరాబాద్ మెట్రోకి రైల్వేకి పక్కనే విడి కేటగిరీ ఉన్నది అందుకే. అయితే ఆ తగ్గింపును ఇతర వినియోగదారులైనా మోయాలి, సెక్షన్ 65 కింద ప్రభుత్వమైనా ముందుగా డిస్కంకి చెల్లించాలి.

చెప్పుకోవడానికి చోటుంది. ఏప్రిల్ నుంచి అమలయ్యే రేట్ల కోసం డిస్కంలు నవంబరు చివరికల్లా మండలికి ప్రతిపాదనలు పంపాలి. కొన్నేళ్లు ఆలస్యమవుతుంటుంది, కనుక పేపర్లలో పబ్లిక్ నోటీసు కోసం చూస్తుండండి. అభ్యంతరం రాసేటప్పుడు ప్రతిపాదన పేజీ నంబరు, మీ అభ్యంతరం, మీరు కోరే వాక్యం, ఈ మూడూ ఉండాలి. ‘రేటు తగ్గించాలి’ అని రాస్తే మండలి ‘గమనించాం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ‘ఫలానా కేటగిరీ షరతుల్లో, గ్రిడ్ వైపు అంతరాయంలో ఫీడ్ మార్చిన బ్లాకులను గరిష్ఠ డిమాండ్‌కు లెక్కించరాదు అని చేర్చండి’ అని రాస్తే డిస్కం దానికి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఒక కాపీ మండలి కార్యదర్శికి, ఒకటి డిస్కంకి పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ సంగతీ అందులోనే రాయండి. బహిరంగ విచారణలో తెలుగులోనే చెప్పవచ్చు.

ప్రశ్న: బ్రేకు వేసినప్పుడు రైలు కరెంటు తిరిగి ఇస్తుందంటారు. ఆ డబ్బు ఎవరికి? (విజయవాడ)

పక్కనే ఇంకో రైలు వేగం అందుకుంటుంటే అదే వాడుకుంటుంది, మీటరు దాకా రాదు. రాత్రి చివరి రైళ్ల వేళ పక్కన రైలు లేకపోతే ఆ కరెంటు 25 కేవీ తీగ నుంచి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 132 కేవీ గ్రిడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు మీటరు ఎటు తిరిగిందన్నదే ప్రశ్న. దిగుమతిని మాత్రమే లెక్కించే మీటరైతే ఆ యూనిట్లు ఉచితంగా పోతాయి. దిశ చూడకుండా మొత్తాన్ని కూడేలా పెట్టిన మీటరైతే మీరు ఇచ్చిన కరెంటుకే మీరు బిల్లు కడతారు. దిగుమతి, ఎగుమతి రెండు రిజిస్టర్లూ విడిగా ఉండే మీటరు పెట్టించి, బ్లాకువారీగా తీసివేత చేయాలని సరఫరా ఒప్పందంలో రాయించుకోవాలి. మీటరు టెస్టు రోజున ఖాళీ లైను మీద ఒక్క రైలును పూర్తి వేగం నుంచి ఆపి, ఎగుమతి రిజిస్టరు కదులుతోందో లేదో అక్కడే చూసి సంతకం పెట్టండి.